చిత్తులో ఒకటి, సాపులో ఒకటి

గురువారం సాయంత్రం వచ్చిన కవరును లక్ష్మీనర్సయ్య విప్పి చదివి, ఎవరికీ చెప్పకుండా మడిచి జేబులో పెట్టుకోవడంతో కిందటి వారం ఆగాం. ఈ చుట్టుపక్కల పైచదువు మీద ఆశ పుట్టిన పిల్లలకు ఏ కాలేజీలో ఏముంది, ఎవరికి రాయాలి, ఎప్పటిలోగా రాయాలి అని చెప్పగలిగినవాడు చేవెళ్ల సర్కారు బడిలోని ఈ పంతులొక్కడే. ఈ సంవత్సరం తొమ్మిది దరఖాస్తులు ఆయన చేత్తో, ఆయన దస్తఖత్తుతోనే పట్నం వెళ్లాయి. ఎనిమిదింటికి ఇంకా జవాబు లేదు. తొమ్మిదోది మొయినాబాదు యోసేపు కూతురు ధనమ్మది. కవరులో వచ్చింది అదే, ఒక ఇంగ్లీషు జాబుతో సహా వెనక్కి.

శుక్రవారం. సర్కారు బడులకు వారపు సెలవు. మొదటి బస్సుకే యోసేపు దిగాడు. అరుగు కింద చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సీటొచ్చిందా పంతులూ?"

"కూసో యోసేపూ."

"కూసుంటగని, ముందు చెప్పుండ్రి. మీరు రమ్మన్నరని నిన్న రాత్రి బస్సు డ్రైవరు చెప్పినకాంచి మా బీరమ్మ పొయ్యి ముట్టియ్యలే. సీటొస్తె పాసెం, రాకుంటె గంజి, ఏదో ఒకటి తేలినంకనే వండుత అని కూసున్నది. నాకు కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి."

లక్ష్మీనర్సయ్యకు నవ్వు రావలసిన చోట ఆవులింత వచ్చింది. ఈ మధ్య అంతే. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి ఎవరో తన ఒళ్లు వాడుకుని తిరిగి ఇచ్చినట్టుంటుంది. ఆయన జేబులోంచి జాబు తీసి, అవసరం లేకపోయినా మళ్లీ మొదటి నుంచి చదివాడు. దరఖాస్తు ఫారంలో అమ్మాయి పుట్టిన తేదీ 1927 డిసెంబరు 25 అని ఉంది. దానితో పంపిన బాప్తిస్మం సర్టిఫికెట్టులో 1926 డిసెంబరు 25 అని ఉంది. ఫారంలోది నిజమైతే ఈ 1943లో అమ్మాయికి ఇంకా పదహారేళ్లు నిండలేదు కాబట్టి చేర్చుకోవడానికి వీల్లేదు. ఏది నిజమో తెలిపే కాగితం ఈ శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలలోగా పట్నం మిషను కాలేజీ ఆఫీసులో అందాలి. అందకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారు.

"ఏమంటున్నరు?" అన్నాడు యోసేపు.

"రెండు కాయితాలల్ల యేడు ఒక్క తీరుగ లేదంటున్నరు, ఫారంల ఇరవై ఏడు, పాస్టరు కాయితంల ఇరవై ఆరు. ఇయ్యాల నాలుగింటి లోపల రెండూ కలవాలంటున్నరు."

పదహారు నిండాలనే సంగతి ఆయన చెప్పలేదు. చెబితే యోసేపు ఇంకో పది ప్రశ్నలు వేస్తాడు. ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు వెతకాలి. అంత ఓపిక లేదు. ఆ క్షణంలో ఉన్న కారణం అంతకన్నా పెద్దది కాదు.

"ఎట్లయ్యింది పంతులూ? మా పొల్ల పుట్టింది ఊరందరికి ఎరుకేనాయె. క్రిస్మస్ నాడు, గుళ్ళె పాటలు పాడుతుంటె పాటల నడుమనే బీరమ్మకు నొప్పులొచ్చినయి. పాట ఆపాల్నా, దాయిని పిలవాల్నా తెల్వక అబ్రహాము పాస్టరు రెండూ చేసిండు."

"మన సర్కారు ఫస్లీ యేండ్ల లెక్కకు, ఇంగ్లీషు లెక్కకు నడుమ గిట్లనే అయితది" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "మన బడి రిజిస్టర్ల పదమూడు వందల ముప్పై ఆరు, బహ్మన్ నెల అని ఉంటది. దానికి అయిదు వందల తొంభై కలపాలె. ఇంగ్లీషు జనవరి వచ్చినంక పుట్టినోళ్లకైతె తొంభై ఒకటి. బహ్మన్ల కొన్ని దినాలు అటు, కొన్ని ఇటు. అందరికీ తప్పు పడేది ఆడనే."

"మీకు గూడనా?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. యోసేపు నిజంగానే ఆశ్చర్యపోయాడు. దేవుడికి కూడా జ్వరం వస్తుందా అని అడిగినట్టు అడిగాడు. లక్ష్మీనర్సయ్యకు ఆ ఆశ్చర్యం చూడబుద్ధి కాలేదు. తల పక్కకు తిప్పుకుని, ఆలోచన కన్నా ముందు నోరే కదిలినట్టు అన్నాడు:

"నాకేం పడలే. పాస్టరు రిజిస్టర్ల ఒకపారి చూస్కోమను. ఆడ ఏమన్న తప్పు పడ్డదేమో."

"ఔ పంతులూ!" యోసేపు మొహం విప్పారింది. "గంతె ఉంటది. ఆయన అప్పుడు పాట పాడుకుంటనే రాసిండాయె."

"పాస్టరుతోని కొత్త కాయితం రాయించి నా దగ్గరికి తే. నేను జాబు రాసిస్త, పట్నం తీస్కపో."

యోసేపు తలగుడ్డ చుట్టుకుంటూనే ఉరికాడు. తొమ్మిది గంటల బస్సు పొగ కక్కుతూ మలుపు తిరిగిపోయింది.

లక్ష్మీనర్సయ్య అరుగు మీదే ఉండిపోయాడు. పక్క భాగంలో తమ్ముడి కిరాణా దుకాణం. అక్కడ ఎవరో చింతపండు రేటు గురించి తగువు పడుతున్నారు. తనూ ఆ దుకాణంలోనే కూర్చోవలసినవాడు. అది వదిలి బడిలో చేరినప్పుడు తమ్ముడు నవ్వాడు. ఊరి పిల్లల్ని కాలేజీలకు తోలేవాడివి, నువ్వు మటుకు చేవెళ్ల దాటవేందన్నా అని ఇప్పటికీ నవ్వుతాడు.

"బాపూ."

గడప లోపల వసంత నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. తల్లి పోయిన తరువాత ఆ గడప లోపలి పక్కంతా వసంతదే. ఆమె చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఫారం, ఇప్పుడు ఆయన పక్కన పెట్టుకున్న కవరులోంచి జారి గడప మీద పడింది కాబోలు. రెండోది పెన్సిలుతో రాసిన పాత కాగితం.

"ఇది ధనమ్మ చిత్తు" అంది.

లక్ష్మీనర్సయ్యకు ఒక పద్ధతి ఉంది. ఏ దరఖాస్తయినా ముందు పెన్సిలుతో చిత్తు రాస్తాడు. పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రతి గడీ చదివి వినిపిస్తాడు. వాళ్లు సరేనన్న తరువాత, వాళ్లు వెళ్లిపోయాక, ఇంట్లో అందరూ మాటలు మానేశాక, సిరాతో సాపు రాస్తాడు. యుద్ధం వచ్చి కాగితం దొరకడం కష్టమైనా ఆ పద్ధతి మార్చలేదు.

"గీ చిత్తు నీ దగ్గరెందుకున్నది?"

"అన్నీ ఉన్నయి. నాలుగేండ్లవి."

"ఎందుకు?"

"చదవనీకి ఇంట్ల ఇంకేమున్నయి బాపూ? ఏ కాలేజీల ఏం చెప్తరో, హాస్టల్ల ఏం పెడ్తరో అన్నీ నాకెరుక. అడవుల చదువు చదవాల్నంటె ఛాతి ముప్పై మూడంగుళాలుండాలట. ఆ బాల్‌రాజ్‌కు రెండంగుళాలు తక్కువొచ్చినయి. ఊపిరి బిగబట్టమని నువ్వే చెప్పినవు."

ఇంకో రోజయితే ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆమె గడప దాటి వచ్చి, చిత్తును ఆయన మోకాలి మీద పరిచింది. పెన్సిలు గీతలు చెరగలేదు. ఫస్లీ 1336, దాని కింద 590, దాని కింద గీత, గీత కింద 1926.

"లెక్క సరిగనే చేసినవు" అంది.

ఆయన చాలాసేపు చూశాడు. నిన్న సాయంత్రం నుంచి తన తప్పు గురించి తనకు తాను చెప్పుకుంటున్న కథ ఒకటుంది: తొంభైకి బదులు తొంభై ఒకటి కలిపాను, బహ్మన్ నెల కదా, ఎవరికైనా పడుతుంది. ఆ కథ ఇంతసేపూ ఆయనను నిలబెట్టింది. ఇప్పుడు కూడిక కళ్ల ముందే ఉంది, తప్పు లేకుండా.

"సాపు రాసేటప్పుడు చెయ్యి జారింది" అన్నాడు.

"జారి యాడికి పోయింది?"

"వసంతా..."

"ఇరవై ఆరు ఆమెది బాపూ. ఇరవై ఏడు నాది."

దుకాణంలో చింతపండు తగువు తేలిపోయినట్టుంది, తమ్ముడి నవ్వు వినిపించింది. వసంత గొంతులో కోపం లేదు. అదే ఆయనకు భరించరానిదైంది. కోపం ఉంటే తండ్రిగా కసురుకోవచ్చు. ఆమె అన్నం ఉడికిందని చెప్పినట్టు చెప్పింది.

"నా ఫారం గూడ చూసిన" అంది. "పెట్టె అడుగున, నీ పాత శాలువ కింద. ఏడో తరగతి పాసైనప్పుడు మిషను బడి కోసం తెచ్చినవు. పేరు గూడ రాయలే. ఒక్క గడి గూడ."

"మీ అమ్మ అప్పుడే పోయె. మరుసటేడు చూద్దామనుకున్న."

"ఔ. మరుసటేడు గూడ అట్లనే అన్నవు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ రాత్రి గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. దీపం, సిరాబుడ్డి, ధనమ్మ ఫారం. లోపల వసంత గిన్నెలు తోముతున్న చప్పుడు. రాస్తూ ఆ చప్పుడు విన్నాడా? విన్నట్టే ఉంది. వింటూ ఏమనుకున్నాడు? అక్కడ ఏమీ లేదు. గోడకు కొట్టిన సున్నంలా తెల్లగా ఉంది. ఆ తెలుపులోనే ఆయన చెయ్యి తనంతట తాను ఇంకొక సంవత్సరం రాసుకుంది.

దానికి రెండు అర్థాలు కనబడ్డాయి. ఇంకొకరి పేరు మీదనైనా తన కూతురిని కాలేజీకి పంపాలని చెయ్యి కోరుకుందా? లేక తన కూతురు కూర్చోవలసిన చోట ఇంకొకరి కూతురు కూర్చోవడం ఓర్వలేక ఆ దారి మూసిందా? ఒకటి ప్రేమ, ఒకటి కసి. రెంటికీ చేతిరాత ఒకటే. ఏది నిజమో తేల్చుకోవాలంటే ఇంకా లోతుకు దిగాలి, అంత ఓపిక తనలో మిగల్లేదు. అయినా ఆయనకు ఒకటి అర్థమైంది. ఇన్నేళ్లుగా ఊళ్లో పిల్లలందరి ఫారాలు నింపుతున్నది బహుశా ఆ ఒక్క ఖాళీ ఫారం గుర్తు రాకుండా ఉండడానికే. ఈ అలసట ఇన్ని ఫారాలు రాసినందుకు కాదు, ఆ ఒక్కటి రాయనందుకు.

"ఎందుకు రాసినవో తర్వాత ఆలోచించుకో" అంది వసంత, ఆయన మొహం చదివినట్టు. "ఆ పిల్ల సీటు ఇయ్యాల పోతది. పాస్టరు మీద తప్పేసి యోసేపును తోలిచ్చినవు. నేను విన్న."

"కొత్త కాయితం తెస్తడు..."

"ఏమని తెస్తడు? రెండూ కలవాలె అన్నవు. పదహారు నిండాలె అని చెప్పినవా?"

లక్ష్మీనర్సయ్య లేచి నిలబడ్డాడు. మోకాలి మీది చిత్తు కింద పడబోతే వసంత పట్టుకుని ఆయన జేబులో కుక్కింది.

తరువాతి బస్సెక్కి ఆయన మొయినాబాదులో దిగేసరికి పన్నెండున్నర దాటింది. పెట్రోలు కరువులో బొగ్గు మీద నడుస్తున్న బస్సు దారిలో రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ బొగ్గు కలియబెట్టారు. ఆకాశంలో మబ్బు ఉంది, వాన లేదు, ఉక్కగా ఉంది. గుడి వెనక రెండు గదుల ఇంట్లో అబ్రహాము పాస్టరు భోజనం ముగించి, బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. లక్ష్మీనర్సయ్యను చూడగానే లేచి కుర్చీ తుడిచాడు.

"మీరే వచ్చిండ్రా! రమ్మంటె నేనే వద్దును గద. నాది తప్పు పంతులుగారూ, ఇంత ముసలితనంల ఇంకొకరిని తిప్పలు పెట్టిన."

"ఏం తప్పు?"

"యోసేపు చెప్పిండు. మీరు ఇరవై ఏడు అని రాసిండ్రు, నా రిజిస్టర్ల ఇరవై ఆరున్నది. ఎంత యాదికి తెచ్చుకున్నా ఇరవై ఆరే యాదికొస్తది. కాని నా యాదిని ఏం నమ్ముత? మొన్న ఆదివారం ఒకే కీర్తన రెండుసార్లు పాడించిన, ఎవరూ చెప్పలే. మీరు నలభై మంది పిల్లల తారీఖులు రాసిండ్రు, ఒక్కటి వెనక్కి రాలే. మీది తప్పెట్ల అయితది?" ఆయన పెద్ద పుస్తకం ముందుకు జరిపి, గుర్తు పెట్టిన చోట తెరిచాడు. "దిద్దిన."

పాత సిరా గోధుమరంగుకు తిరిగి ఉంది. ఆరు మీద అడ్డంగా గీత. పక్కన కొత్త సిరాతో ఏడు. దాని పక్కన ఆయన పొడి అక్షరాలు, ఈ నాటి తారీఖు.

"కొత్త సర్టిఫికెట్టు గూడ రాసిచ్చిన, ముద్రేసి. ఇయ్యాలే ఆఖరి దినమంట గద. మీ దగ్గరికొచ్చి మళ్ల పోతె పొద్దు పోతదని సక్కగ పట్నమే పొమ్మన్న. పదకొండున్నర బస్సుకు ఎక్కిండు."

లక్ష్మీనర్సయ్య కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఈపాటికి యోసేపు మెహిదీపట్నం దగ్గర పడి ఉంటాడు. చేతిలో ముద్ర పడ్డ కాగితం, తన కూతురికి పదిహేనేళ్లేనని.

"పాస్టరుగారూ, తప్పు మీది కాదు. నాది."

"మీరు గట్లనే అంటరు. పెద్ద మనసు."

"మనసు కాదు. నిజం చెప్తున్న. చిత్తుల సరిగ్గ రాసి సాపుల తప్పు రాసిన." ఆయన జేబులోంచి కాగితం తీసి పుస్తకం మీద పెట్టాడు. "ఇరవై ఏడైతె పిల్లకు పదహారు నిండదు. తీసుకోరు. పొద్దున యోసేపుకు ఈ ముక్క చెప్పలే. మీ మీద తప్పు తోసిన."

పాస్టరు కళ్లద్దాలు పెట్టుకుని పెన్సిలు లెక్కను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూశాడు. ఆయన మొహంలోని మర్యాద మెల్లగా ఆరిపోయింది.

"ముప్పై ఏండ్ల పుస్తకమిది" అన్నాడు చివరికి. "మా వాళ్లకు పట్టాలు లేవు, జాతకాలు లేవు. మేం ఎవరిమో చెప్పేది ఇదొక్కటే. దీంట్ల నేను ఇయ్యాలటి దాంక ఒక్క అక్షరం కొట్టెయ్యలే. మీ మాట మీద కొట్టేసిన."

గుమ్మం దగ్గర ఎవరో నిలబడినట్టనిపించి లక్ష్మీనర్సయ్య తిరిగి చూశాడు. ధనమ్మ. సెలవుల్లో గుడి పక్క పాకలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది, చేతులకు సుద్ద అంటుకుని ఉంది.

"నాయిన బస్సుల నుంచి చెయ్యి ఊపిండు సార్" అంది. "కలిపిచ్చిన బిడ్డా, రెండూ కలిపిచ్చిన అని ఒర్రిండు. ఏ యేడని అడిగిన. ఇరవై ఏడన్నడు. దిగు నాయినా, అది తప్పని బస్సెంబడి ఉరికిన. పంతులు కన్న నీకెక్కువ ఎరుకనా అన్నడు. బస్సుల అందరు నవ్విండ్రు."

ఆమె లోపలికి వచ్చి పుస్తకంలోని గీతను చూసింది. పక్కనున్న చిత్తును చూసింది.

"చిత్తుల మంచిగనే ఉండె. మీరు చదివిండ్రు, నేను సరే అన్న. మరి సాపుల ఎవరి యేడు వచ్చింది సార్?"

అబద్ధం చెప్పడానికి కూడా బలం కావాలి. "వసంతది" అన్నాడు.

"మా బెంచి వసంతనా?"

ఆయన తల ఊపాడు.

"ఏడో తరగతి అయినంక ఆమె ఎందుకు వస్తలేదని మిమ్మల్ని అడిగిన. ఇంట్ల పని ఉన్నదన్నరు. ఇద్దరం ఒక్క గదిల ఉంటమని అనుకున్నం సార్, హాస్టల్ల." ఆమె సుద్ద చేతులు పావడకు తుడుచుకుంది. "ఒంటిగంట బస్సున్నది. రెండున్నరకు పోతం. నాలుగింటి దాంక టైమున్నది."

"మాట చెప్తె వింటరా బిడ్డా?" అన్నాడు పాస్టరు. "నా ముద్రతోని ఒక కాయితం అప్పుడే పోయింది. ఇప్పుడు ఇంకోటి రాస్తె రెంటిల ఏదీ నమ్మరు. రాయాల్సింది నేను కాదు. తప్పు నాదేనని పంతులే దస్తఖత్తు చేసి, ఎదురుంగ నిలబడి చెప్పాలె." ఆయన లక్ష్మీనర్సయ్య వైపు తిరిగాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు, ముసలి జాలి ఉంది. "ఇంకో ముచ్చట గూడ ఆలోచించుండ్రి. ఈయేడు ఇంకా ఎనిమిది మంది ఫారాలు మీ దస్తఖత్తు మీదనే ఉన్నయి గద. పిల్లల తారీఖులు తప్పు రాసిన అని మీరే రాసిస్తె, ఆ ఎనిమిదింటిని ఏం చేస్తరో."

ఎనిమిది మొహాలు ఒక్కటొక్కటిగా లేచాయి. ఊపిరి బిగబట్టిన బాల్‌రాజ్. రెండేళ్లు పొలంలో పని చేసి మళ్లీ బడికొచ్చిన ఎల్లేశ్. ఆ ఎనిమిదింటిలో సాపుకీ చిత్తుకీ తేడా లేదని ఒట్టేసి చెప్పగలడా? నిన్నటి దాకా చెప్పేవాడు.

రోడ్డు మీద హారన్ వినబడింది. ధనమ్మ ముందే బయటికి ఉరికి, దారికి అడ్డంగా చెయ్యి చాపింది. లక్ష్మీనర్సయ్య చిత్తు జేబులో పెట్టుకుని వెనకాలే నడిచాడు. బస్సు ఆగింది. లోపల కోళ్ల గంపలు, పాల క్యాన్లు, ఒకరి ఒళ్లో ఒకరు మనుషులు. ధనమ్మ మెట్టు మీద కాలు పెట్టింది.

కండక్టరు తల బయటికి పెట్టాడు. "ఒక్కరికే జాగ ఉన్నది! ఇద్దరెక్కితె చలాన్ రాస్తరు. జల్ది చెప్పుండ్రి, ఎవరు?"

ఆ పిల్లే వెళ్లనీ, నిజం ఆమెదే, ఆమే చెప్పుకోనీ అని తన లోపల ఎవరో అనడం లక్ష్మీనర్సయ్య స్పష్టంగా విన్నాడు. ఆ గొంతు ఆయనకు బాగా తెలిసినదే. మరుసటేడు చూద్దాం అన్నది కూడా అదే.

ధనమ్మ ఆయన మొహంలోకి చూసింది. తరువాత మెట్టు మీది కాలు తీసి, పక్కకు జరిగి నిలబడింది.